పనికొచ్చే భయం

(సంఘం వార్షిక సభలో ఉర్దూ పాఠశాల ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద ధైర్యం గురించి మాట్లాడతారు. దేనికీ భయపడకండి, ముందుకు నడవండి అని చెప్పడం సభా మర్యాద అయిపోయింది. మాట్లాడే విషయం మీ ఇష్టమని కార్యదర్శి గారు అన్నారు గనుక, మేము దానికి ఎదురుగా ఉన్న భయాన్ని ఎంచుకున్నాము. పిల్లలకు భయం నేర్పండి అని చెప్పడానికే వచ్చాము. మీలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కొంచెం విన్నాక మళ్ళీ చూద్దాం.

ఉర్దూ పాఠం చెప్పుకుని బతికేవాళ్ళం గనుక మాటల దగ్గర మొదలుపెట్టడం మాకు అలవాటు. ఉర్దూలో ఖౌఫ్ అని ఒక మాట, వహమ్ అని ఒక మాట, ఎహతియాత్ అని మరో మాట ఉన్నాయి. ఎదురుగా వచ్చిన అపాయాన్ని చూసి గుండె దడదడలాడటం ఖౌఫ్. లేని అపాయాన్ని ఊహించుకుని కుమిలిపోవడం వహమ్. ఉన్న అపాయాన్ని లెక్కవేసుకుని, అది దగ్గరకు రాకముందే చేయి వెనక్కి తీసుకోవడం ఎహతియాత్. వహమ్‌కు లుఖ్మాన్ హకీము దగ్గర కూడా మందు లేదని మన ముసలమ్మలు అంటూంటారు. మా భయమల్లా ఏమిటంటే, మన ఇళ్ళల్లో వహమ్ కావలసినంత ఉంది, ఎహతియాత్ మాత్రం కరువైంది. తెలుగులో చూడండి, పెద్దలంటే భయభక్తులు ఉండాలంటారు. భయాన్ని తీసుకొచ్చి భక్తి పక్కన కూర్చోబెట్టిన భాష ఇది. పిరికితనాన్ని మాత్రం ఆ దరిదాపులకు రానివ్వలేదు.

భయం బొత్తిగా లేకపోతే మనిషి ఎలా ఉంటాడు? దీనికి ఊహాగానాలు అక్కరలేదు. అమెరికాలో ఒక స్త్రీ ఉంది. మన మెదడులో రెండు వైపులా బాదంగింజంత భాగాలు రెండు ఉంటాయి. వాటిని అమిగ్డాల అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం కూడా బాదమే. ఒక అరుదైన వ్యాధి వల్ల ఆమెకు ఆ రెండూ పాడైపోయాయి. తెలివి తక్కువ కాలేదు, మాట తడబడలేదు, సంతోషం, దుఃఖం అన్నీ ఉన్నాయి. భయం ఒక్కటే పోయింది. అయోవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆమెను పాములు అమ్మే దుకాణానికి తీసుకుపోయారు. పాములంటే నాకు గిట్టదు అని ఎప్పుడూ చెప్పే ఆ మనిషి, అక్కడికి వెళ్ళాక పామును చేతిలోకి తీసుకుని నిమిరింది. విషం ఉన్న వాటిని కూడా తాకుతానని పట్టుబట్టింది. ఈ సంగతులన్నీ 2011లో అచ్చయ్యాయి. అందులో మరో విషయం ఉంది. ఒకప్పుడు రాత్రిపూట ఒక పార్కు దగ్గర ఎవడో ఆమె మెడ మీద కత్తి పెట్టాడట. ఆమె నిదానంగా నడుచుకుంటూ ఇంటికి పోయి, మర్నాడు మళ్ళీ అదే పార్కు దారిన నడిచింది. దీన్ని ధైర్యమంటారా? మేము అనము. ధైర్యమనేది భయపడిన మనిషి చేసే పని. ఆమె ఒంటికి కాపలా మనిషి లేడు, అంతే.

మనకైతే పుట్టుకతోనే ఆ కాపలా ఉంది. కానీ ఆ కాపలాదారు పాతకాలం వాడు. పామును గుర్తుపడతాడు, చీకటిని గుర్తుపడతాడు, ఎత్తైన గోడ అంచును గుర్తుపడతాడు. గ్యాస్ సిలిండరు, కరెంటు తీగ, మోటారు సైకిలు వాడికి తెలియవు. వాటి సంగతి వాడికి మనమే నేర్పాలి.

తల్లులు ఈ మాట శ్రద్ధగా వినాలి. వంటగ్యాసుకు సహజంగా ఏ వాసనా ఉండదు. రంగు ఉండదు, వాసన ఉండదు. మరి లీకైనప్పుడు ముక్కుకు కొట్టే ఆ కుళ్ళు కంపు ఎక్కడిది? కావాలని కలుపుతారు. ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనాన్ని బహు కొద్దిగా కలుపుతారు. ఎందుకు కలుపుతారో చెప్పడానికి ఒక బడి కథ ఉంది. మేము బడిపంతుళ్ళం గనుక అది మాకు మరీ బాధ కలిగించే కథ.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరు. చమురు బావుల ఊరు గనుక డబ్బున్న బడి. అయినా ఖర్చు తగ్గుతుందని, చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాసును గొట్టం ద్వారా బడికి కలుపుకున్నారు. ఆ గ్యాసు లీకై, నేల కింది ఖాళీలో నిండింది. పైన పిల్లలు చదువుకుంటున్నారు. ఎవరి ముక్కుకూ తెలియలేదు. 1937 మార్చి 18వ తేదీ మధ్యాహ్నం, వడ్రంగం నేర్పే పంతులు ఒక యంత్రం స్విచ్చి వేశాడు. ఆ నిప్పురవ్వతో బడి మొత్తం లేచి కూలిపోయింది. మూడు వందల మందికి దగ్గరగా చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. అదే ఏడు అక్కడ గ్యాసులో వాసన కలిపి తీరాలని శాసనం చేశారు. అంటే ఏమి చేశారు? మనిషికి సహజంగా తెలియని అపాయంలో భయాన్ని చేత్తో కలిపారు.

అంత ఖరీదు పెట్టి కొన్న వాసన అది. మన ఇళ్ళల్లో దాన్ని ఏం చేస్తున్నాం? "కొంచెం వాసన వస్తోంది, సిలిండరు అయిపోవచ్చింది లెండి" అంటాము. వాసన వచ్చిందంటే ముందు రెగ్యులేటరు కట్టేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. ఈ గ్యాసు గాలి కంటే బరువు గనుక నేల మీద పరుచుకుని కూర్చుంటుంది, పై వెంటిలేటరు గుండా పోదు. వాకిలి తలుపు తెరిస్తేనే పోతుంది. లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటును ఆర్పకూడదు, ఫ్యాను జోలికి పోకూడదు. బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. దేశమంతటికీ అదే నంబరు. ఈ నంబరు తెలిసినవాళ్ళు చేతులెత్తమని ఆ మధ్య మా పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే రెండు చేతులు లేచాయి. ఆ రెండింటిలో ఒకటి మా హెడ్మాస్టరు గారిదే.

భయానికి ఇంకో జబ్బు ఉంది. అది త్వరగా మరుపుకొస్తుంది. మన కర్నూలు సంగతే తీసుకోండి. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర రెండూ కలిసి ఊళ్ళోకి వచ్చిన రోజు ఇక్కడున్న పెద్దవాళ్ళెవ్వరూ మరచిపోరు. నీళ్ళు తీశాక మా వీధిలో అందరూ చేసిన మొదటి పని బురద ఎత్తిపోయడం, రెండో పని స్విచ్చి బోర్డులు పైకి ఎత్తించడం. పిల్లల సర్టిఫికెట్లు, రేషను కార్డులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టుకున్నారు. కొన్నేళ్ళు అలాగే సాగింది. ఇప్పుడు అదే వీధిలో కొత్తగా కట్టిన ఇళ్ళల్లో చూడండి, ప్లగ్గులు మోకాలి ఎత్తున ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళది తప్పనలేము. వాళ్ళు ఆ నీళ్ళు చూడలేదు, చూసినవాళ్ళు వాళ్ళకు చెప్పలేదు.

సముద్రం ఒడ్డువాళ్ళు ఈ విషయంలో మనకంటే నయం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పది వేల మంది పోయారని లెక్క. తుఫాను హెచ్చరిక రేడియోలో లేకపోలేదు. దాన్ని విని ఇల్లు వదలాలన్నంత భయం జనానికీ లేదు, వాళ్ళను తరలించాలన్నంత భయం అధికారులకూ లేదు. 1990 మే నెలలో మళ్ళీ అదే కృష్ణా నది ముఖద్వారం దగ్గరికి అంతటి గట్టి తుఫాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే కదిలించారు. ఎక్కేందుకు తుఫాను షెల్టర్లు ఉన్నాయి. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యి మంది లోపు. ఆ వెయ్యి కూడా తక్కువేమీ కాదు. కానీ అదే సముద్రం, అదే గాలి. నడుమ పదమూడేళ్ళు ఆ భయాన్ని ఆరిపోనివ్వకుండా దాచుకున్నారు, దాచుకుని దాంతో గోడలు కట్టారు, మెట్లు కట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని మనం ఎగతాళి చేస్తాం గానీ, రెండోసారి చేతులు కాలకముందే ఆకులు దగ్గర పెట్టుకున్నవాళ్ళను మెచ్చుకోవడం మరచిపోతాం.

ఇక కరెంటు. దీని మీద మేము కాస్త ఎక్కువసేపు మాట్లాడతాము, కార్యదర్శి గారు గడియారం చూసినా సరే. వాసన కలపడానికి కూడా వీలులేని అపాయం ఇది. తీగలో ఉందో లేదో కంటికి తెలియదు. అరవై క్యాండిల్ బల్బు అని మన పెద్దలు అనేవాళ్ళు చూడండి, ఆ అరవై వాట్ల బల్బు వెలగడానికి మన ఇంటి 230 వోల్టుల దగ్గర సుమారు 260 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. మనిషి చేతిలోంచి పది, పదిహేను మిల్లీ ఆంపియర్లు పోతే చాలు, కండరాలు బిగిసి పట్టుకున్న తీగను వదలలేడు. వంద మిల్లీ ఆంపియర్లు ఒక సెకను పాటు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అంటే గుడ్డి బల్బుకు కావలసిన దానిలో సగం కూడా అక్కరలేదు. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, అదే పడిపోతుందిలే అని మగవాళ్ళు ధీమాగా చెబుతుంటారు. అది పదహారు ఆంపియర్లదైతే, పదహారు వేల మిల్లీ ఆంపియర్లు దాటితేగాని దానికి కదలిక ఉండదు. అది తీగలను కాపాడే సాధనం, మనిషిని కాదు. మనిషి కోసం ఉన్నది వేరే ఉంది. ఈఎల్‌సీబీ అనండి, ఆర్‌సీసీబీ అనండి, ముప్పై మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. దానితోపాటు ఎర్తింగు సరిగా ఉండాలి. పెళ్ళిలో ఒక పూట బిర్యానీకి అయ్యే ఖర్చులో ఇది ఏ మూలకు?

చలికాలం వచ్చిందంటే మన ఇళ్ళల్లో బకెట్లో రాడ్ వేసి నీళ్ళు కాచుకుంటారు. ప్లగ్గులో రాడ్ ఉండగానే నీళ్ళు కాగాయా అని వేలు ముంచి చూస్తారు. వేలు ముంచేవాళ్ళు ఎక్కువగా తల్లులు, స్నానానికి తొందరపడే పిల్లలు. స్విచ్చి ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్ళను ముట్టాలి. రెండోది దండెం. ఇనుప తీగతో దండెం కట్టి, ఒక కొస కరెంటు మీటరు పైపుకో, సర్వీసు తీగ వెళ్ళే కొక్కేనికో కడతారు. వానాకాలం తడిబట్ట ఆరేయబోయి ప్రాణం పోగొట్టుకున్న ఆడవాళ్ళ వార్తలు ప్రతి ఏడూ పేపర్లో చదువుతున్నాం. ఒక మనిషి పట్టుకుని బిగిసిపోతే విడిపించబోయిన రెండో మనిషీ పోతుంది. ప్లాస్టిక్ తాడు కట్టండి. ఇరవై రూపాయల తాడు గురించి సభలో చెప్పాలా అని కొందరికి అనిపించవచ్చు. చెప్పాలి, ఎందుకంటే ఇంకా ఇనుప తీగలే ఉన్నాయి. ఈ సభకు వస్తూ దారిలో మేము నాలుగు లెక్కపెట్టాము.

రోడ్డు సంగతి మీకు తెలిసిందే, క్లుప్తంగా చెబుతాము. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి నలభై నలుగురు ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. అయినా తొమ్మిదో తరగతి పిల్లవాడి చేతికి బండి తాళం ఇచ్చి, "మా వాడికి భయమే లేదు సార్" అని మురిసిపోయే తండ్రులు ఈ సభలోనే ఉన్నారు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి మూడేళ్ళ వరకూ జైలు, ఇరవై అయిదు వేల జరిమానా ఉన్నాయి. కానీ ఆ తండ్రి భయపడవలసింది జరిమానాకు కాదు కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఇందాకటి నుంచి చెప్పిన భయాలు పిల్లలకు ఎందుకు అంటడం లేదు? మనం వాళ్ళకు భయం నేర్పడం లేదా అంటే, పొద్దస్తమానం నేర్పుతూనే ఉన్నాం. బూచివాడు వస్తాడు, పోలీసు పట్టుకుపోతాడు, సూదిమందు వేయిస్తా, సారుకు చెబుతా, మీ అబ్బా రానీ నీ పని చెబుతా. ఒక్క రోజులో పిల్లవాడు వినే బెదిరింపులు లెక్కపెట్టండి. వాటిలో నిజమైన అపాయం పేరు ఒక్కటైనా ఉంటుందా? పైగా ఈ ఉత్త భయాలు పక్కన కూర్చుని నిజమైన భయాన్ని నోరెత్తనివ్వవు.

కొన్నేళ్ళ కిందట మా పాఠశాలలో అయిదో తరగతి పిల్లవాడు ఒకడు, చలాకీ కుర్రాడు, మూడు రోజులుగా ఆటల పీరియడులో ఒక మూలన కూర్చుంటున్నాడు. కాలు కొద్దిగా ఈడుస్తున్నాడు. ఏమిరా అంటే ముల్లు గుచ్చుకుంది సార్ అన్నాడు. ప్యాంటు పైకి లాగి చూస్తే పిక్క మీద పళ్ళ గాట్లు, వాటి మీద కారం, సున్నం కలిపి పూసిన మచ్చ. కుక్క కరిచి అప్పటికి నాలుగో రోజు. ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆ మైదానానికి ఆటకు పోతే తోలు వలుస్తానని తండ్రి అంతకుముందే అన్నాడు. వాడు పోయాడు. కుక్క కరిచింది. కుక్క కంటే తండ్రికి ఎక్కువ భయపడ్డాడు. కారం, సున్నం వైద్యం వాడి తోటి పిల్లలు చెప్పిందే.

కుక్క కాటులో ఉండేది రేబీస్. ఆ క్రిమి నరాల వెంట నెమ్మదిగా పాక్కుంటూ మెదడుకు చేరుతుంది. చేరేవరకూ టీకా ఆపగలదు. చేరి, నీళ్ళను చూస్తే గొంతు బిగిసే దశ వచ్చాక దాదాపుగా ఏ వైద్యుడూ ఏమీ చేయలేడు. అంటే అల్లాహ్ మనకు కొన్ని రోజుల గడువు ఇస్తున్నాడు, ఆ గడువును ఆ పిల్లవాడు నోరు మూసుకుని ఖర్చుపెడుతున్నాడు. పుండును పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాము, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. ఆలస్యమైనా టీకా వేయించవలసిందేనని వాళ్ళు వెంటనే మొదలుపెట్టారు. కబురు తెలిసి తండ్రి పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే చేయి ఎత్తాడు. మేము నడుమ నిలబడి, "భాయ్‌సాబ్, ఈ చేతి వల్లే వాడు నాలుగు రోజులు చెప్పలేదు" అన్నాము. ఆయన అక్కడే వరండాలో కూలబడి చాలాసేపు లేవలేదు. పిల్లవాడు అన్ని డోసులూ పూర్తి చేశాడు. ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు, ఫిట్టరు ట్రేడు.

ఆ కుర్రాడు మాతో ఇంకో మాట కూడా అన్నాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని విన్నాడట. అది వాళ్ళ దాదీ చెప్పిన సంగతి. దాదీ అబద్ధమాడలేదు, ఆమె కాలంలో వేశారు. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత టీకాను 2005 నాటికే మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు డోసులే, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. సూది పోయి ఇన్నేళ్ళయినా దాని భయం మాత్రం దాదీ నుంచి మనవడికి ఆస్తిలాగా సంక్రమించింది. వరద భయం పదేళ్ళలో పోయింది, లేని సూది భయం రెండు తరాలు నిలిచింది. మనిషి మనసు ఎంత విచిత్రమో చూడండి.

ఇలాంటి వహమ్ మన సమాజాన్ని ఇదివరకు ఒకసారి గట్టిగానే పట్టుకుంది. పోలియో చుక్కలు వేస్తే పిల్లలకు రేపు సంతానం కలగదని ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో ఒక పుకారు పుట్టి, తలుపులు వేసుకున్న ఇళ్ళు ఎన్నో. డాక్టర్లు చెబితే వినలేదు. చివరకు మౌల్వీలు, మదర్సాల పెద్దలు, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వాళ్ళు గడపగడపకూ తిరిగారు. మసీదు మైకుల్లోంచి చెప్పించారు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న బెంగాల్లోని హౌరా జిల్లాలో నమోదైంది, 2014 మార్చి 27న పోలియో లేని దేశమని ధ్రువపత్రం వచ్చింది. ఆ తల్లుల భయాన్ని ఎగతాళి చేసినవాళ్ళ వల్ల ఇది జరగలేదు. "చుక్కలకు కాదమ్మా, పడిపోయిన కాలికి భయపడు" అని పక్కన కూర్చుని చెప్పినవాళ్ళ వల్ల జరిగింది.

బడిలో బెత్తం సంగతి కూడా ఒక మాట అనకపోతే మా తోటి ఉపాధ్యాయులు మమ్మల్ని వదిలిపెట్టరు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. అప్పటి నుంచి పిల్లలకు భయం లేకుండా పోయిందని మా స్టాఫ్ రూములో రోజూ వినపడే మాట. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలతో ప్రయోగం చేసి చూశారు. చిన్న షాకు ఇస్తే ఎలుకకు దారి నేర్చుకోవడం కష్టమైంది, కొంచెం పెంచితే చక్కగా నేర్చుకుంది, మరీ పెంచితే కష్టమైన పాఠం దగ్గర మళ్ళీ తడబడింది. మా పిల్లలు ఎలుకలు కాదనుకోండి. కానీ పరీక్ష రేపు అనగా గుండె కొంచెం గుబగుబలాడితే పుస్తకం తెరుస్తాడు, మరీ వణికితే చదివింది కూడా మరచిపోతాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు వాళ్ళకు ఇది తెలియని సంగతా? బెత్తానికి భయపడిన పిల్లవాడు బెత్తం లేనిచోట ఏం చేస్తాడన్నదే మా ప్రశ్న. కరెంటు తీగ దగ్గర మేము ఉండము, తండ్రీ ఉండడు.

మరి ఎలా చెప్పాలంటారా? గొంతు పెంచకుండా చెప్పాలి. అపాయం పేరు చెప్పి, అది ఎలా పనిచేస్తుందో చెప్పి, చేయి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చేసి చూపించాలి. గ్యాసు నేల మీద ఎందుకు పరుచుకుంటుందో పదేళ్ళ పిల్లకు చక్కగా అర్థమవుతుంది. మా అయిదో తరగతిలో చెప్పి చూశాము, మర్నాడు ముగ్గురు పిల్లలు ఇంట్లో అమ్మలను సరిదిద్ది వచ్చారు. ఒక తల్లి ఫిర్యాదుకు కూడా వచ్చింది, "మీ పాఠం వల్ల నా కూతురు నన్నే తిడుతోంది" అని. అన్నిటికంటే ముఖ్యం, జరగరానిది జరిగినప్పుడు వచ్చి చెప్పిన పిల్లవాణ్ణి ఆ రోజుకు కొట్టకండి, తిట్టకండి. ముందు కాలు కడగండి. తిట్లు టీకా అయ్యాక చూసుకోవచ్చు.

సభ ముగిశాక ఎవరూ వెంటనే వెళ్ళిపోవద్దని మనవి. వంటశాల పక్క గదిలో మన సంఘం తరఫున ఒక ఎలక్ట్రీషియన్ కూర్చుని ఉన్నాడు. ఇంట్లో వాడే రాడ్లు, ఇస్త్రీ పెట్టెలు తెమ్మని చీటీలో ముందే రాశాము. తెచ్చినవాళ్ళు వరుసలో నిలబడితే ఒక్కొక్కటీ పరీక్షించి, పాడైన తీగ అక్కడికక్కడే మార్చి ఇస్తాడు. తీగ డబ్బులు మాత్రం మీవి, కూలీ సంఘానిది. తల్లులకు మొదటి వరుస. వాళ్ళ పని అయ్యేవరకూ మగవాళ్ళు టీ తాగవచ్చు.